ఒక రోగం, రెండు వైద్యాలు

(గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ విమానాల నిపుణుడు అన్నారు. అంత లేదండీ. నేను మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. విమానం నడపలేదు, విప్పలేదు, ఒక్క నట్టు కూడా బిగించలేదు. నాకున్న అర్హతల్లా మ్యూజియంలో ఒక వస్తువు ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడగలగడం. మా ఆవిడ అంటూంటుంది, "బోర్డులు చదివేవాళ్ళని చూశాను గానీ, బోల్టులు చదివే మనిషిని నిన్నే చూశాను" అని. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ బోల్టుల చదువే.

జర్మనీలో సిన్స్‌హైమ్ అని ఒక చిన్న ఊరుంది, హైడెల్‌బర్గ్‌కి దగ్గర్లో. అక్కడ 1981లో ఒక టెక్నాలజీ మ్యూజియం పెట్టారు. పెట్టింది ప్రభుత్వం కాదు. పాత కార్లు, ట్రాక్టర్లు, రైలింజన్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి సంఘంగా ఏర్పడి, తమ దగ్గరున్న వస్తువులు తెచ్చి పెట్టారు. ఇప్పటికీ ఆ సంఘమే నడుపుతోంది. సంవత్సరంలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. ఆ పిచ్చి చివరికి ఎక్కడిదాకా వెళ్ళిందంటే, భవనం కప్పు మీద రెండు సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానాలు పక్కపక్కన నిలబెట్టేదాకా. ఒకటి బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన కాంకార్డ్, ఎయిర్ ఫ్రాన్స్‌ది, రెండోది సోవియట్ల టుపోలెవ్ టీయూ-144. ధ్వని కన్నా వేగంగా ప్రయాణికుల్ని మోసిన విమాన రకాలు ప్రపంచం మొత్తమ్మీద ఈ రెండే. ఈ రెండూ ఒకచోట కనిపించేది అక్కడొక్కచోటే.

నా మొదటి సందర్శన ఒక ప్రహసనం. టూర్ బస్సులో వెళ్ళాం. వాళ్ళ పేరు చెప్పను, పాపం వాళ్ళ తిండి వాళ్ళు తినాలి కదా. "సార్, గంటన్నర టైముంది, అన్నీ చూసుకుని రండి" అన్నాడు గైడు. అన్నీ అంటే ఎన్నో తెలుసా? హాళ్ళ నిండా కార్లు, మోటారు సైకిళ్ళు, ఆవిరి యంత్రాలు, వాటిపైన మళ్ళీ విమానాలు. పరుగున కాంకార్డ్ ఎక్కాను, పరుగున దిగాను, ఫోటోలు తీసుకున్నాను. బస్సులో కూర్చున్నాక పక్కాయన అడిగాడు, "ఆ రెండింటికీ తేడా ఏమిటండీ?" నోట మాట రాలేదు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు గుర్తున్నది ఒకటి పాతదిగా ఉంది, ఒకటి కొత్తదిగా ఉంది అన్న ముక్కే. సిగ్గేసింది.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఒక్కణ్ణే, రైల్లో. మ్యూజియం పేరుతోనే స్టేషనుంది. దిగక ముందే కనిపిస్తాయి కప్పు మీద రెండు తెల్లటి విమానాలు, ముక్కులు ఆకాశంలోకి ఎత్తి, ఇప్పుడే లేచిపోతాయేమో అన్నట్టు. దూరం నుంచి చూస్తే కవల పిల్లలే. సన్నటి ఒళ్ళు, త్రిభుజంలాంటి రెక్క, తోక దగ్గర అడ్డ రెక్క లేనే లేదు. అందుకే పాశ్చాత్య పత్రికలు టీయూ-144కి "కాంకార్డ్‌స్కీ" అని వెక్కిరింపు పేరు పెట్టాయి. కాపీ కొట్టారని.

ఆ కాపీ మాటలో కొంత నిజముంది. 1965లో పారిస్‌లో సోవియట్ విమాన సంస్థ ఏరోఫ్లోట్ అధికారి సెర్గేయ్ పావ్లోవ్‌ని కాంకార్డ్ కాగితాలతో పట్టుకున్నారు. గూఢచర్యం జరిగింది, అందులో అనుమానం లేదు. కానీ కాపీ కొట్టినవాడు ముందు పరీక్ష రాయడం మీరెక్కడైనా చూశారా? టీయూ-144 మొదటిసారి ఎగిరింది 1968 డిసెంబర్ 31న. కాంకార్డ్ ఎగిరింది 1969 మార్చి 2న. రష్యావాళ్ళే రెండు నెలలు ముందు. పైగా, దగ్గరికెళ్ళి ఒక్కో భాగం చూసుకుంటూ పోతే, పోలికల కన్నా తేడాలే ఎక్కువ కనిపిస్తాయి. రోగం ఒకటే, వైద్యులు ఇద్దరు. మందులు వేరు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. మ్యూజియంలో విమానం దగ్గర నిలబడ్డప్పుడు ఇది ఎంత గొప్పదో అని నోరు తెరవడం కన్నా, ఈ భాగం ఏ రోగానికి మందు అని అడగాలి.

ముందు రోగం చెప్తాను. లెక్కలుండవు, భయపడకండి.

ధ్వనికి రెట్టింపు వేగంతో వెళ్ళాలంటే పొడుగ్గా చాచిన మామూలు రెక్క పనికిరాదు. గాలి దాన్ని విపరీతంగా వెనక్కి లాగుతుంది. అందుకని రెక్కని ఒంటికి అంటించినట్టు త్రిభుజం చేశారు. డెల్టా రెక్క అంటారు. వేగంలో ఉన్నంతసేపు భేష్. దిగేటప్పుడే తంటా. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఆ రెక్క విమానాన్ని మోయాలంటే ముక్కు బాగా పైకెత్తాలి. ముక్కెత్తితే పైలట్‌కి ఆకాశం తప్ప రన్‌వే కనబడదు. ఏం చేయాలి? ముక్కునే కిందికి వంచేశారు! కాంకార్డ్ ముక్కు, విమానం పైకి లేచేటప్పుడు 5 డిగ్రీలు, దిగేటప్పుడు 12.5 డిగ్రీలు వంగుతుంది. కొంగలాంటి ఆ ముక్కుని చూసి అందరూ ఎంత అందం అంటారు. అది అందం కోసం పెట్టింది కాదండీ, రెక్క తెచ్చిన తలనొప్పికి రాసిన మందు.

టీయూ-144 ముక్కు కూడా వంగుతుంది. కానీ వాళ్ళు ఇంకో మందు కూడా వేశారు. కాక్‌పిట్ వెనకాల, పైభాగంలో, రెండు పక్కలా రెండు చిన్న రెక్కలుంటాయి, మీసాల్లాగా. అక్కడ నిలబడి తలెత్తి వాటినే ఓ పావుగంట చూశాను. దిగేటప్పుడు చాపుతారు, మిగతా టైంలో ఒంటికి మడిచేస్తారు. ఎందుకవి? మామూలు విమానం దిగేటప్పుడు రెక్క వెనక అంచున ఫ్లాపులు కిందికి దించుతుంది, మీరు కిటికీలోంచి చూసే ఉంటారు. దాంతో రెక్క తక్కువ వేగంలో కూడా బాగా మోస్తుంది. తోక దగ్గర అడ్డ రెక్క లేని విమానంలో వెనక అంచు దించితే తోకభాగం పైకి లేచి, ముక్కు నేలకి దిగిపోతుంది. ముందు భాగాన్ని ఎవరైనా పట్టుకుని ఎత్తి ఉంచితే తప్ప కుదరదు. ఆ పట్టుకునే చేతులే ఈ మీసాలు. ముందు ఇవి ఎత్తుతుంటే వెనక అంచు ధైర్యంగా దించొచ్చు, వేగం తగ్గించుకుని దిగొచ్చు. కాంకార్డ్‌కి ఇవి లేవు. వాళ్ళు రెక్క ఆకారాన్నే ఏళ్ళ తరబడి చెక్కారు. దాని ముందు అంచుని పక్కనుంచి చూడండి, ఒక్క అంగుళం కూడా సరళరేఖ ఉండదు, వంపు మీద వంపు. రష్యావాళ్ళ రెక్క అంచు దాంతో పోలిస్తే సాదా. ఒకరు చెక్కి సాధించారు, ఒకరు అతికించి సాధించారు. మీసాల పద్ధతి తెలివితక్కువదని మాత్రం అనకండి. నాకైతే ఆ విమానంలో బాగా నచ్చింది అదే.

ఇప్పుడు కావడి సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క, కొంచెం ఓపిక పట్టండి. కావడి మోసేవాడి భుజం సరిగ్గా బద్ద మధ్యలో ఉంటే రెండు వైపులా సమంగా ఉంటుంది. ఆ భుజం నడుస్తుండగా వెనక్కి జరిగిందనుకోండి, ముందు వైపు బరువై వంగిపోతుంది. రెక్క విమానాన్ని పైకెత్తి పట్టే బలం ఆ భుజంలాంటిది. ధ్వని వేగం దాటేటప్పుడు అది వెనక్కి జరుగుతుంది. ముక్కు వంగిపోకూడదంటే తట్టలో బరువు కూడా వెనక్కి జరపాలి. ఆకాశంలో తట్ట ఎక్కడుంది? ఇంధనం ఉంది. కాంకార్డ్‌లో సుమారు 95 టన్నుల ఇంధనం పడుతుంది. దాంట్లో కొన్ని టన్నుల్ని ముందు ట్యాంకుల్లోంచి తోకలో ఉన్న ట్యాంకుకి పంపు చేసేవాళ్ళు. వేగం తగ్గేటప్పుడు మళ్ళీ ముందుకి. ప్రయాణికులు కబుర్లు చెప్పుకుంటూంటే కాళ్ళ కింద టన్నులకొద్దీ కిరోసిన్ అటూ ఇటూ ప్రయాణం చేస్తూండేదన్నమాట. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు కాక ఫ్లైట్ ఇంజనీర్ అని మూడో మనిషి ఎందుకుండేవాడో, ఆయన ముందు గోడంతా మీటర్లు ఎందుకో, ఇది తెలిశాక అర్థమవుతుంది. తెలియకపోతే అదొక మీటర్ల గోడ, అంతే.

సరే, లోపలికి వెళ్దాం.

మెట్లెక్కి వెళ్ళాలి, చాలా మెట్లు. విమానాల్ని ముక్కు పైకెత్తి నిలబెట్టారు కాబట్టి లోపల నేల ఏటవాలుగా ఉంటుంది. తోక వైపు నుంచి కాక్‌పిట్ వైపు నడుస్తుంటే కొండెక్కుతున్నట్టే. కళ్ళకేమో నడవా తిన్నగా కనబడుతుంది, కాళ్ళేమో ఎక్కుతున్నాం అంటాయి. నాకు రెండు నిమిషాల్లో తల తిరిగింది. సీటు వీపు పట్టుకుని నిలబడిపోయాను. నా వెనకాల వస్తున్న ఒక పసివాడు మాత్రం కేరింతలు కొడుతూ పైకి పాకేశాడు.

కాంకార్డ్ లోపల ఎంత ఇరుకో చెప్పాలి. ఫోటోల్లో రాజభోగంలా ఉంటుంది. నడవాకి అటు రెండు, ఇటు రెండు సీట్లు. నూరు మంది పడతారు. కాస్త పొడుగు మనిషైతే తల కప్పుకి తగుల్తుందేమో అని వంగి నడుస్తాడు. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండేదట. ఇందులో నూట ఒకటో మనిషికి చోటు లేదు. కిటికీ చూస్తే నా అరచెయ్యి అంత ఉంది. నా చెయ్యి పెట్టి చూశాను, దాదాపు మూసుకుపోయింది. డబ్బులు పోసి టికెట్ కొన్నవాళ్ళకి ఇంత కిటికీయా? ఇదీ మందే. ఆ విమానం 60,000 అడుగుల ఎత్తున వెళ్ళేది, అంటే 18 కిలోమీటర్ల పైన. అక్కడ కిటికీ అద్దం పగిలితే లోపలి గాలంతా క్షణాల్లో బయటికి పోతుంది, మనిషి స్పృహ తప్పుతాడు. కన్నం చిన్నదైతే గాలి నెమ్మదిగా పోతుంది, ఈలోగా పైలట్ విమానాన్ని కిందికి దించేయగలడు. అందుకే అరచేతి కిటికీ.

వేడి సంగతి కూడా లోపలే తెలుస్తుంది. అంత ఎత్తున బయట మైనస్ 50 డిగ్రీల కన్నా చలి. అయినా గాలి ఒరుసుకునీ నొక్కుకునీ ముక్కు కొస 127 డిగ్రీలు కాగేది. మరుగుతున్న నీళ్ళకన్నా ఎక్కువ. అల్యూమినియం మిశ్రమం తట్టుకోగలిగింది అంతవరకే, అందుకే వేగం కూడా ధ్వనికి రెండు రెట్ల దగ్గర ఆపారు. లోహం వేడెక్కితే సాగుతుంది కదా, 62 మీటర్ల విమానం గాల్లో ఉన్నప్పుడు జానెడు పొడుగయ్యేది. జానెడు! ఫ్లైట్ ఇంజనీర్ మీటర్ల గోడకీ దాని పక్కనున్న అడ్డగోడకీ మధ్య నేల మీద ఉన్నప్పుడు సందు ఉండదు. సూపర్‌సోనిక్ వేగంలో అక్కడ చెయ్యి దూరేంత సందు తెరుచుకునేది. దిగేసరికి మళ్ళీ మూసుకుపోయేది. సర్వీసు ఆఖరు రోజుల్లో ఒక ఫ్లైట్ ఇంజనీర్ తన టోపీ తీసి ఆ సందులో పెట్టాడు. విమానం దిగి చల్లబడింది, సందు మూసుకుంది, టోపీ ఇరుక్కుపోయింది. అది ఈ మ్యూజియంలో ఉన్న విమానం కాదు, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది, ఇప్పుడు అమెరికాలో సియాటిల్ మ్యూజియంలో ఉంది. ఆ విమానం ఇంకెప్పుడూ వేడెక్కదు కాబట్టి ఆ సందు ఇంకెప్పుడూ తెరుచుకోదు. నేను సిన్స్‌హైమ్‌లో కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి అద్దంలోంచి ఆ గోడ అంచునే వెతుక్కున్నాను. అతుకు ఉన్నట్టే తెలియలేదు. నా వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఈ ముసలాయన గోడకేసి ఏం చూస్తున్నాడా అనుకుని ఉంటారు.

టీయూ-144 లోపల వేరే లోకం. ఒళ్ళు వెడల్పు, సీట్లు ఒకవైపు మూడు, ఒకవైపు రెండు. చోటు ఎక్కువే, కానీ ఎగిరేటప్పుడు లోపల మోత మాత్రం భరించలేనిదట. ఇంజన్ల హోరు, దానికి తోడు కేబిన్‌ని చల్లబరిచే యంత్రాల హోరు. పక్క సీటు మనిషితో మాట్లాడాలంటే అరవాల్సిందే. చల్లబరచకపోతే వేడికి ఉడికిపోతారు. మళ్ళీ అదే కథ, మందు తెచ్చిన ఇంకో రోగం.

అసలు పెద్ద రోగం ఇంజన్ల దగ్గరుంది. జెట్ ఇంజన్ వెనక గొట్టంలో, అప్పటికే మండి బయటికి పోతున్న వేడి గాలిలో మళ్ళీ ఇంధనం చల్లి మండిస్తే, విమానాన్ని ముందుకి నెట్టే తోపు బాగా పెరుగుతుంది. ఆఫ్టర్‌బర్నర్ అంటారు. ఇంధనాన్ని మాత్రం నీళ్ళలా తాగుతుంది. కాంకార్డ్ దాన్ని రన్‌వే మీద లేచేటప్పుడూ, ధ్వని వేగం దాటే దశలోనూ వాడుకుని ఆపేసేది. మిగతా సముద్రమంతా అది లేకుండానే రెట్టింపు వేగంతో దాటేది. ప్రయాణికులతో నడిచిన టీయూ-144 రకానికి ఆ అదృష్టం లేదు. వేగంలో ఉన్నంతసేపూ ఆఫ్టర్‌బర్నర్ మండుతూనే ఉండాలి. దాంతో ఎంతో దూరం వెళ్ళలేకపోయేది. మాస్కో నుంచి కజకిస్తాన్‌లోని అల్మా-అటాకి, ఆ ఒక్క దారిలోనే నడిపారు.

ఈ తేడా కూడా బయటినుంచి కనబడుతుందా అంటే, కొంత కనబడుతుంది. రెక్క కిందికెళ్ళి ఇంజన్ల నోళ్ళు చూడండి. పెట్టెల్లాంటి నలుచదరపు నోళ్ళు. ధ్వనికి రెట్టింపు వేగంలో వచ్చే గాలిని ఏ జెట్ ఇంజనూ నేరుగా మింగలేదు, ఉక్కిరిబిక్కిరై ఆరిపోతుంది. ఆ పెట్టె లోపలి పలకలు కదులుతూ గాలిని క్షణంలో నెమ్మదింపజేసి, నొక్కి, ఇంజన్‌కి అందించాలి. ధ్వని వేగంలో సగానికి తేవాలి, నాలుగు మీటర్ల చోటులో. కాంకార్డ్ విజయం ఇంజన్లో కన్నా ఆ నోట్లోనే ఎక్కువుందని చెప్తారు, పూర్తి వేగంలో తోపులో సగానికి పైగా ఆ గాలిపెట్టె పుణ్యమే. బయటినుంచి చూస్తే రేకు డబ్బా. నేనైతే దాని కింద నిలబడి నమస్కారం పెట్టుకున్నాను.

ఇక చక్రాలు. ఇది మీరు ఏ విమానాల మ్యూజియంకి వెళ్ళినా చేయదగ్గ పని, టికెట్ డబ్బులు దీనికే సరిపోతాయి. చక్రాలు లెక్కపెట్టండి. కాంకార్డ్ రెక్క కింద ఒక్కో కాలికి 4 చక్రాలు, అంటే 8. టీయూ-144కి ఒక్కో కాలికి 8, మొత్తం 16. బరువులో పెద్ద తేడా లేదు, కాంకార్డ్ 185 టన్నులు, రష్యా విమానం దాదాపు 200 టన్నులు. మరి చక్రాలు రెట్టింపు ఎందుకు? ఆ కాలు మడిచి దాచుకోవాల్సిన చోటు చాలా సన్నం, ఇంజన్ల గాలి గొట్టాల మధ్య సందులోకి పోవాలి. పెద్ద టైరు పట్టదు. చిన్న టైరు పెడితే బరువు మోయలేదు. కాబట్టి చిన్నవి ఎక్కువ పెట్టారు. ఆపేటప్పుడు కాంకార్డ్‌కి కార్బన్ బ్రేకులున్నాయి, ఇంజన్ల గాలిని ముందుకి మళ్ళించే ఏర్పాటుంది. టీయూ-144 తోకలోంచి పారాచూట్ విప్పేది, యుద్ధ విమానంలాగా! ప్రయాణికుల విమానం రోజూ గొడుగు విప్పుకుని ఆగడం, మళ్ళీ దాన్ని ఎవరో మడత పెట్టడం. ఊహించుకోండి.

ఆ విమానం బతుకు కూడా అంతే పొట్టిది. 1973లో పారిస్ ఎయిర్ షోలో జనం కళ్ళ ముందే ఒకటి కూలింది, అందులో ఉన్న ఆరుగురూ, కింద ఊళ్ళో ఎనిమిదిమందీ చనిపోయారు. 1977 నవంబర్ 1న ప్రయాణికుల సర్వీసు మొదలైంది, 1978 జూన్ 1తో ఆగిపోయింది. మొత్తం 55 ట్రిప్పులు. అంతకు కొద్ది రోజుల ముందే కొత్త ఇంజన్లు పెట్టిన టీయూ-144డి అనే రకం పరీక్షలో మంటలంటుకుని కూలిపోయింది, ఇద్దరు ఇంజనీర్లు పోయారు. సిన్స్‌హైమ్ కప్పు మీద ఉన్నది ఆ డి రకమే. ఇంజన్ల రోగం చాలావరకు నయమైన రకం. ఆఫ్టర్‌బర్నర్ లేకుండానే వేగం నిలబెట్టుకోగలిగేది. మందు దొరికేసరికి రోగి ప్రయాణికుల్ని మోసే వయసు దాటిపోయింది. ఏరోఫ్లోట్ రంగుల్లో నిలబడి ఉన్న ఆ విమానం టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణీ మోయలేదు.

కాంకార్డ్ 1976 నుంచి 2003 దాకా నడిచింది. 2000లో పారిస్ దగ్గర ప్రమాదంలో 113 మంది పోయారు. ఎయిర్ ఫ్రాన్స్ 2003 మే 31న ఆపేసింది. ఇక్కడున్న విమానం ఆ జూన్ 24న బాడెన్-బాడెన్ విమానాశ్రయంలో దిగింది. అక్కణ్ణించి ఇక ఎగరలేదు. పడవ మీద పెట్టి రైన్ నది మీదా, నెకార్ నది మీదా లాక్కొచ్చి, తర్వాత రోడ్డెక్కించారు. న్యూయార్క్‌కి మూడున్నర గంటల్లో వెళ్ళిన విమానం ఆఖరి ప్రయాణం బల్లకట్టు మీద చేసింది. టీయూ-144 అంతకు రెండేళ్ళ ముందే వచ్చి కూర్చుంది.

మ్యూజియం బోర్డుల గురించి ఒక మాట, ప్రసంగానికి కాస్త పక్కదే అయినా. బోర్డు మీద రాసేది చిన్న విషయం కాదండీ. రైట్ సోదరులు 1903లో ఎగరేసిన విమానం ఇరవై ఏళ్ళపాటు అమెరికాలోనే లేదు, తెలుసా? 1928లో ఆర్విల్ రైట్ దాన్ని లండన్ సైన్స్ మ్యూజియానికి పంపేశాడు. కారణం ఒక బోర్డు. స్మిత్‌సోనియన్ మ్యూజియంవాళ్ళు తమ పాత కార్యదర్శి లాంగ్లీ చేసిన యంత్రం పక్కన, మనిషిని మోసుకుని ఎగరగల మొదటి విమానం ఇదే అన్న అర్థంలో రాశారు. ఆర్విల్‌కి ఒళ్ళు మండింది. వాళ్ళు తప్పు ఒప్పుకున్నాకే, 1948లో, విమానం తిరిగొచ్చింది. అప్పటికి ఆర్విల్ చనిపోయాడు. కాబట్టి "కాంకార్డ్‌కి నకలు" అని ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఎక్కడ చెప్పినా, ఒకసారి మీసాలు చూసి రండి.

సిన్స్‌హైమ్‌కి ఓ నలభై కిలోమీటర్లలో ష్పైయర్ అనే ఊళ్ళో ఈ సంఘానిదే ఇంకో మ్యూజియం ఉంది. అక్కడ లుఫ్తాన్సా వాళ్ళ బోయింగ్ 747 ఎత్తయిన స్తంభాల మీద నిలబెట్టారు. దాని రెక్క మీదకి నడిచి వెళ్ళొచ్చు. లోపల కొంతమేర లైనింగ్ ఊడదీసి పక్కటెముకలు, వైర్లు కనబడేలా ఉంచారు. అది చూశాక ఇక విమానమెక్కినప్పుడు గోడకి ఆనుకోవాలంటే కాస్త జంకు పుడుతుంది, అంత పల్చన. 747 మూపురం కూడా మందే, కాకపోతే రాని రోగానికి. 1960లలో అందరూ ఇక ముందు జనమంతా సూపర్‌సోనిక్‌లోనే తిరుగుతారు, 747లు సరుకులు మోసుకోవాలి అనుకున్నారు. ముక్కుని తలుపులా ఎత్తి సరుకు ఎక్కించాలంటే పైలట్లు దారికి అడ్డం లేకుండా పైన కూర్చోవాలి. అందుకే ఆ మూపురం. కాంకార్డ్ కన్నా మూడు వారాల ముందు, 1969 ఫిబ్రవరి 9న ఎగిరింది. తర్వాత ఏమైందో మీకు తెలుసు. సూపర్‌సోనిక్‌లు కప్పుల మీదకి ఎక్కాయి, మూపురంలో జనమే కూర్చున్నారు. అక్కడ కూడా చక్రాలు లెక్కపెట్టండి, రెక్కల కింద, పొట్ట కింద కలిపి 16. సరిగ్గా టీయూ-144కి ఉన్నన్ని. బరువు మాత్రం 370 టన్నుల పైమాట.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: ష్పైయర్‌లో సోవియట్ల బురాన్ అంతరిక్ష నౌక కూడా ఉందట కదా సార్, అది అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిందేనా?)

కాదమ్మా. మంచి ప్రశ్న. వెళ్ళొచ్చింది వేరేది, 1988 నవంబర్ 15న, లోపల మనిషి లేకుండా భూమి చుట్టూ రెండుసార్లు తిరిగి తనంతట తనే దిగింది. అది 2002లో, రాకెట్లు ప్రయోగించే కేంద్రమైన బైకనూర్‌లో షెడ్డు కప్పు కూలి నాశనమైంది. ష్పైయర్‌లో ఉన్నది దిగడం నేర్చుకోవడానికి చేసిన నమూనా. వెనకాల నాలుగు జెట్ ఇంజన్లు చూడు, అవే గుర్తు. రాకెట్ లేకుండా రన్‌వే మీంచి లేచి, పైకెళ్ళి, ఇంజన్లు తగ్గించుకుని దిగడం సాధన చేసేది. అలా 25 సార్లు ఎగిరింది. తర్వాత సిడ్నీలో ప్రదర్శనకి వెళ్ళి, బహ్రెయిన్‌లో ఏళ్ళపాటు పడుండి, 2008లో పడవెక్కి రైన్ నది మీద వచ్చింది. ఆ నదికి విమానాలు మోయడం అలవాటైపోయింది.

(ఒక పెద్దాయన: మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెళ్ళొచ్చాండీ?)

వెళ్ళొచ్చు, కానీ కప్పు మీది విమానాల్లోకి ఎక్కడం కష్టమే. నిజం చెప్పాలంటే నేను చెప్పినవాటిలో సగం కిందనుంచే కనబడతాయి, మీసాలు, గాలిపెట్టెలు, చక్రాలు. చిన్న బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి లోపల క్యూ అవుతుంది. గంటన్నర అనే గైడుతో మాత్రం వెళ్ళకండి.

(నిర్వాహకులు: మీరు మళ్ళీ వెళ్తారా?)

వెళ్ళాలండీ. పారాచూట్ గురించి ఇంత చెప్పానా, ఇంటికొచ్చాక ఫోటోలన్నీ తిరగేస్తే టీయూ-144 తోక చివర ఫోటో ఒక్కటీ లేదు. మీసాల ఫోటోలు నలభై ఉన్నాయి. ఆ పారాచూట్ మూత దగ్గరగా చూడాలి. మా ఆవిడ వెనక వరసలో కూర్చుంది, ఆవిడతో మాత్రం అనకండి, జర్మనీలో ఏదో సెమినార్ ఉందని చెప్పాను.